నానో బంగారం రంగు పరిమాణం వల్ల మాత్రమే కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో నానో పదార్థాల రంగుల గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెలుగు దినపత్రికలో ఇటువంటి విషయానికి సగం పేజీ దొరకడమే అరుదు కాబట్టి ముందుగా మీకూ ఆ వ్యాసకర్తకూ నా కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసమంతా ఆధారపడిన వాక్యం ఒకటుంది. "ఏ పదార్థాన్నైనా నానో స్థాయికి కుదిస్తే పరిమాణాన్ని బట్టి దాని రంగు మారుతుంది" అన్న ఆ మాట సగమే నిజం. ఆ సగం నిజాన్ని పట్టుకొని టెలివిజన్ తెరల్లోని క్వాంటం డాట్లను (అతి చిన్న అర్ధవాహక స్ఫటికాలు), ఎర్రటి బంగారు ద్రావణాన్ని, పాలపిట్ట రెక్కను, చివరికి మన కరీంనగర్ వెండి ఫిలిగ్రీని (సన్నని వెండి తీగల అల్లిక పనిని) కూడా ఒకే గాటన కట్టేశారు. హనుమకొండలో స్థిరపడిన విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి నేను. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి కనుక, ఈ పొరపాటు పిల్లల బుర్రల్లోకి ఎంత సులువుగా ఎక్కుతుందో, ఎక్కాక ఎంత కష్టంగా దిగుతుందో నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

క్వాంటం డాట్ల విషయంలో వ్యాసకర్త చెప్పింది సరైనదే. కాడ్మియం సెలినైడ్ వంటి అర్ధవాహకాన్ని కొన్ని నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు) స్ఫటికంగా కుదిస్తే లోపలి ఎలక్ట్రానుకు కదలడానికి చోటు చాలదు, అందువల్ల దాని శక్తి స్థాయిల మధ్య ఎడం పెరుగుతుంది. చిన్న డాట్లు నీలంగానూ, కాస్త పెద్దవి ఎర్రగానూ వెలుగుతాయి. 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు వచ్చింది ఇందుకే. అక్కడ రంగును నిర్ణయించేది పరిమాణమే.

బంగారం సంగతి వేరు. కొలతలు చూడండి. నీటిలో తేలే బంగారు గోళం వ్యాసం సుమారు 9 నానోమీటర్లు ఉన్నప్పుడు అది అత్యధికంగా పీల్చుకునే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 517 నానోమీటర్లు. గోళం 48 నానోమీటర్లకు పెరిగితే ఆ అంకె సుమారు 533 అవుతుంది. అంటే కణం ఐదింతలు పెరిగినా రంగు జరిగింది పదహారు నానోమీటర్లే, కంటికి రెండూ ఎరుపే. అదే బంగారాన్ని గోళంగా కాక, పొడవు వెడల్పుకు నాలుగింతలుండే చిన్న కడ్డీగా మలిస్తే, పీల్చుకునే వెలుగు దాదాపు 800 నానోమీటర్ల దాకా, కంటికి కనిపించని పరారుణ ప్రాంతంలోకి జరిగిపోతుంది. లోహం మారలేదు, పరిమాణంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఆకారం మాత్రమే మారింది. మరి పరిమాణమే అన్నీ నిర్ణయిస్తే ఇదెలా సాధ్యం?

ఈ ప్రశ్నకు జవాబును నేను ఒక ప్రయోగం పాడైనప్పుడు నేర్చుకున్నాను. నేను పనిచేసిన కళాశాలలో ఒక సైన్స్ దినోత్సవానికి బంగారు కొల్లాయిడ్, అంటే నీటిలో అతి చిన్న బంగారు కణాలు తేలే ద్రావణం, తయారుచేసి చూపించాలనుకున్నాం. పరిశోధన చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి మాకు కొద్దిగా క్లోరోఆరిక్ ఆమ్లం, అంటే బంగారం ఉండే ఒక రసాయనం, ఇచ్చాడు. పద్ధతి పాతదే, 1951లో టర్కెవిచ్ బృందం ప్రచురించింది. పలుచటి పసుపు రంగులో ఉండే ఆ ఆమ్ల ద్రావణాన్ని 20 మిల్లీలీటర్లు తీసుకొని మరిగిస్తూ 2 మిల్లీలీటర్ల సోడియం సిట్రేట్ కలపాలి. మొదట పసుపు విరిగి నీళ్లలా తేటపడుతుంది, తరువాత బూడిద కలిసినట్టు నల్లబడుతుంది, ఆ నలుపులోంచి ఊదా, ఊదాలోంచి దానిమ్మ రసం వంటి ఎరుపు తేలుతుంది. అంతా కలిపి పది నిమిషాలు. అందులో ఉండే బంగారం మొత్తం నాలుగు మిల్లీగ్రాములు, ముక్కుపుడక అరగదీస్తే రాలే పొడి అంత.

అన్నీ సరిగ్గా చేశాం. మొదటి బీకరులో ఎరుపు వచ్చింది. రెండో బీకరులోకి ఒంపేసరికి అది మా కళ్ల ముందే ఊదా రంగులోకి, ఆ తరువాత బురద నీలంలోకి తిరిగింది. "బంగారం కరాబైందా సార్?" అని ముందు వరుసలోని అమ్మాయి అడిగింది. నాకూ వెంటనే తోచలేదు. అటెండరును పిలిచి బీకర్లు ఎలా కడిగావని అడిగితే, "మంచిగనే కడిగిన సార్, ఒకటి మీరిచ్చిన డబ్బా నీళ్లతోని కడిగిన, అవి ఒడిసినయ్, రెండోది బోరు నీళ్లతోని రెండుమాట్ల కడిగిన" అన్నాడు పాపం. తప్పు అతనిది కాదు, స్వేదనజలంతోనే కడగాలని చెప్పని నాది. మా వైపు బోరు నీళ్లలో ఉప్పులెంతో టీ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరను చూసిన వాళ్లందరికీ తెలుసు. బీకరు గోడలకు అంటుకొని మిగిలిన ఆ కాస్త కాల్షియమే పని చేసింది.

ఏం పని చేసింది? బంగారు కణాల మీద సిట్రేట్ పొర ఉంటుంది, ఆ పొరకు రుణావేశం ఉంటుంది, ఒకే రకం ఆవేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరదూరంగా తేలుతుంటాయి. ఉప్పు అయాన్లు వచ్చి ఆ ఆవేశాన్ని కప్పేస్తే నెట్టుకోవడం ఆగిపోయి కణాలు గుత్తులు గుత్తులుగా దగ్గర పడతాయి. అవి కరిగి ఒక ముద్ద కాలేదు. ఒక్కో కణం అంతకు ముందెంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది, పొరుగువాడు మాత్రం దగ్గరికొచ్చాడు. పొరుగు మారితే రంగు మారింది. మర్నాడు దీన్నే కావాలని చేసి చూపించాం. ఒక పరీక్షనాళికలో ఎర్ర ద్రావణానికి చిటికెడు ఉప్పు, మరోదానిలో చిటికెడు చక్కెర. ఉప్పు వేసింది లెక్కపెట్టేలోపే నీలమైంది, చక్కెర వేసింది ఎర్రగానే ఉండిపోయింది. ఎందుకంటే చక్కెర నీటిలో అయాన్లుగా విడిపోదు, కణాల ఆవేశాన్ని కప్పదు. క్వాంటం డాట్ల పాఠంతో ఈ రెండు నాళికల తేడాను వివరించలేరు.

వివరించేది స్థానిక విద్యుదయస్కాంత క్షేత్రం, మన డిగ్రీ పుస్తకాల్లో లోకల్ ఫీల్డ్ అని ఉండేది. వెలుగు ఒక తరంగం, అందులో విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ ఊగుతుంటుంది. తరంగదైర్ఘ్యం 500 నానోమీటర్ల మేర, మన కణం 15 నానోమీటర్లు. కాబట్టి ఒక క్షణంలో కణమంతటికీ ఒకే క్షేత్రం తగులుతుంది, లోహంలో స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్ల గుంపు మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపు రుణావేశం, వదిలి వచ్చిన వైపు ధనావేశం. ఆ ధనావేశం వెనక్కి లాగుతుంది, గుంపు అటు పోతుంది, మళ్లీ ఇటు వస్తుంది. బిందె నెత్తిన పెట్టుకొని నడిచేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. నడక లయ బిందెలోని నీటి ఊపుతో కలిసిందా, మెల్లగా నడుస్తున్నా నీళ్లు అంచు దాటి చిమ్ముతాయి. అందుకే అనుభవమున్న ఆడవాళ్లు అడుగు మారుస్తారు. బంగారు గోళంలో ఎలక్ట్రాన్ల ఊపుకు కుదిరే లయ సెకనుకు సుమారు 580 లక్షల కోట్ల సార్లు. అది ఆకుపచ్చ వెలుగు లయ. అందువల్ల తెల్లని వెలుగులోంచి ఆకుపచ్చను కణాలు పీల్చుకుంటాయి, మిగిలింది మన కంటికి ఎర్రగా చేరుతుంది.

ఆ ఊపులో కణం రెండు కొసల దగ్గరా పోగయ్యే ఆవేశం తన సొంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కణం ఉపరితలానికి ఆనుకొని ఉన్న ఆ క్షేత్రం బయటి నుంచి వచ్చిన వెలుగు క్షేత్రానికి కొన్ని రెట్లు ఉంటుంది, పక్కకు జరిగేకొద్దీ చాలా త్వరగా, కణం వ్యాసార్ధమంత దూరంలోనే, పడిపోతుంది. దూరంగా తేలే కణాలకు ఒకరి క్షేత్రం ఒకరికి తగలదు. దగ్గర పడితే తగులుతుంది. ఒక కణం ధన కొస ఎదురుగా పక్క కణం రుణ కొస వచ్చినప్పుడు, వెనక్కి లాగే బలం రెండింటిలోనూ తగ్గుతుంది, ఊపు నెమ్మదిస్తుంది, ఆకుపచ్చకు బదులు నారింజ, ఎరుపు వెలుగులు పీల్చబడతాయి, ద్రావణం నీలంగా కనిపిస్తుంది. కడ్డీ ఆకారపు కణంలోనూ ఇదే కథ. పొడవు దిశలో రెండు కొసలు దూరం కాబట్టి లాగే బలం తక్కువ, లయ నెమ్మది. పరిసర ద్రవాన్ని మార్చినా లయ మారుతుంది. కణం గోళమైతే, లోహపు విద్యుత్ గుణకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే అంకె) చుట్టూ ఉన్న ద్రవపు గుణకానికి రెండింతలై గుర్తు రుణంగా ఉన్న చోట ఊపు పతాక స్థాయికి చేరుతుందని ఒక్క పంక్తి సమీకరణం చెబుతుంది. అందులో గోళం వ్యాసం ఎక్కడా లేదు! చిన్న గోళాలకు పరిమాణం ఆ లెక్కలోకే రాదని చెప్పడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు తెలియదు.

ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. మైకేల్ ఫారడే 1857లో లండన్ రాయల్ సొసైటీ ముందు బంగారానికీ వెలుగుకూ ఉన్న సంబంధం గురించి ఉపన్యసించినప్పుడు తన ఎర్ర ద్రావణంలో ఉన్నది అతి సన్నగా విడిపోయిన బంగారమేనని, ఉప్పు వేస్తే అది నీలమవుతుందని చెప్పారు. లెక్క కట్టి చూపినవాడు జర్మన్ భౌతికశాస్త్రవేత్త గుస్తావ్ మీ, 1908లో. ఆయన ఇంటిపేరు వల్ల మా తరగతిలో ఏటా ఒక నవ్వులాట ఉండేది. నేను బల్ల మీద "మీ సిద్ధాంతం" అని రాయగానే, "మా సిద్ధాంతమా సార్, మేమెప్పుడు కనిపెట్టినం?" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అనేవారు. అయితే ఆ లెక్క ఒంటరి గోళానికి మాత్రమే. పొరుగు కణాల ప్రభావం అందులో లేదు, దానికి వేరే గణితం కావాలి. అణువు అనుభవించేది బయటి క్షేత్రాన్ని ఒక్కదాన్నే కాదని, చుట్టూ ఉన్న అణువులు పుట్టించే క్షేత్రాన్ని కూడా అని డచ్ భౌతికశాస్త్రవేత్త లోరెంజ్ అంతకు ముందే చెప్పి ఉన్నారు. మన బీఎస్సీ పాఠ్యప్రణాళికలో డైఎలక్ట్రిక్స్ (విద్యుద్రోధకాలు) అధ్యాయంలో ఇది ఉంది. ఎనిమిది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టించి వదిలేస్తాం, ఆ సూత్రానికీ ఎర్రటి బంగారు నీళ్లకూ చుట్టరికం ఉందని ఎవరమూ చెప్పం. నేను కూడా ఆ బోరు నీళ్ల రోజు దాకా చెప్పలేదు.

వ్యాసకర్త ఉదాహరణగా తీసుకోని ఒక వస్తువు మన ఇళ్లలోనే ఉంది. మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ కిట్‌లోని ఎర్ర గీత చాలావరకు బంగారు నానోకణాల గీతే. 2020, 2021లో కోవిడ్ కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ముందు వరుసల్లో నిలబడి మనం చూసుకున్న ర్యాపిడ్ కిట్లలో కూడా చాలావాటిలో ఇదే. ప్రతిరక్షకాలు అంటించిన బంగారు కణాలు తడితో పాటు కాగితం వెంట పాకి, గీత దగ్గర పట్టుబడి గుమిగూడతాయి. మరి గుమిగూడితే నీలం కావాలి కదా అన్న అనుమానం వస్తుంది, రావాలి కూడా. ప్రతి కణం చుట్టూ ఉన్న ప్రోటీన్ పొర కణాల మధ్య ఎడం నిలబెడుతుంది, ఒకరి క్షేత్రం మరొకరిని గట్టిగా తాకనివ్వదు, అందుకని గీత ఎర్రగానే ఉంటుంది.

ఇక మిరపకాయల సంగతి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో పురుగుమందుల అవశేషాలను "త్వరలోనే ఫోన్ వంటి పరికరంతో క్షణాల్లో" పట్టేస్తారని వ్యాసం రైతులకు భరోసా ఇచ్చింది. ఈ ఆశకు ఆధారం ఉంది, తొందర మాత్రం ఎక్కువైంది. ఆధారం మన రామన్‌దే. 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న రామన్ ఫలితం ప్రకారం అణువు మీద పడిన వెలుగులో అతి కొద్ది భాగం, సుమారుగా కోటిలో ఒక వంతు, రంగు మారి చెదురుతుంది, ఆ మార్పు అణువును బట్టి వేలిముద్రలా ఉంటుంది. కోటిలో ఒక వంతును పట్టుకోవడమే కష్టం. 1974లో ఇంగ్లండులో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడు మీద పిరిడీన్ అనే రసాయనపు అణువుల రామన్ సంకేతం ఊహించనంత బలంగా రావడం గమనించారు. గరుకు వల్ల వైశాల్యం పెరిగి ఎక్కువ అణువులు అంటుకున్నాయని వాళ్లు అనుకున్నారు. మూడేళ్ల తరువాత, 1977లో, వాన్ డైన్ బృందమూ, ఆల్‌బ్రెక్ట్, క్రైటన్ జంటా వేర్వేరుగా లెక్క చూస్తే వైశాల్యం ఏ మూలకూ చాలలేదు, సంకేతం లక్షల రెట్లు పెరిగింది. కారణం మళ్లీ వెండి గరుకుల దగ్గర పోగుపడిన స్థానిక క్షేత్రమే. క్షేత్రం వచ్చే వెలుగునూ పెంచుతుంది, చెదిరే వెలుగునూ పెంచుతుంది. అందువల్ల క్షేత్రం పదింతలైతే సంకేతం దాదాపు పదివేల రెట్లు అవుతుంది. రెండు కణాల మధ్య సందు ఒకటి రెండు నానోమీటర్లకు తగ్గితే క్షేత్రం పదుల రెట్లు, కొన్ని చోట్ల వంద రెట్లు కూడా అవుతుంది కాబట్టి ఆ సందులో ఇరుక్కున్న అణువు ఒక్కటే మిగిలిన వేల అణువుల కంటే గట్టిగా పలుకుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. సందు ఒక నానోమీటరు అటూ ఇటూ అయితే సంకేతం ఎన్నో రెట్లు తారుమారవుతుంది. ఈరోజు తయారుచేసిన పరీక్ష పట్టీకీ రేపటి పట్టీకీ సందులు ఒకేలా ఉండేలా చూడటమే ఈ రంగంలో పనిచేసేవారి ప్రధాన తలనొప్పి. దానికి తోడు మిరపకాయ ఎరుపుకు కారణమైన కెరోటినాయిడ్లు స్వయంగా బలమైన రామన్ సంకేతం ఇస్తాయి, మిరప రసం ప్రతిదీప్తితో (పడిన వెలుగును పీల్చుకొని తానూ వెలగడంతో) వెనుక వెలుగును పెంచుతుంది. మందు ఆనవాలు ఉందా లేదా అని చెప్పడం ఒక ఎత్తు, కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చెప్పడం ఇంకో ఎత్తు. ధర నిర్ణయమయ్యేది రెండోదాని మీద. లారీ దింపి కాంటా ముందు నిలబడిన రైతుకు రేపో మాపో అని చెప్పే ముందు ఈ సంగతి ఒక వాక్యంగానైనా ఉండాల్సింది.

పాలపిట్ట గురించి క్లుప్తంగా. దసరా నాడు దాన్ని చూడటానికి పొలిమేర దాటి వెళ్లే అలవాటు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. దాని రెక్కలో నీలం రంగు పదార్థం లేదన్న వ్యాసకర్త మాట నిజమే. రామన్ స్వయంగా 1930లలో ఆ ఈకలను పరిశీలించి రాశారు. కానీ ఆ నీలం కెరటిన్ (ఈకలోని ప్రోటీన్) లోని అతి సన్నని గాలి గుల్లల అమరిక వల్ల, వెలుగు తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి నీలం బలపడటం వల్ల వచ్చేది. అక్కడ లోహమూ లేదు, ఊగే ఎలక్ట్రాన్ల గుంపూ లేదు.

కరీంనగర్ ఫిలిగ్రీ విషయానికొస్తే, "మన పూర్వీకుల నానో సాంకేతికత" అన్న మాట చదివి కాస్త బాధపడ్డాను. తీగ మందం పావు మిల్లీమీటరే అనుకున్నా అది 2,50,000 నానోమీటర్లు. వెలుగు వెండిలోకి కొన్ని పదుల నానోమీటర్లకు మించి దిగదు, కాబట్టి ఆ తీగ మామూలు వెండిలాగే మెరుస్తుంది, అలా మెరవడమే దాని అందం. రెండు సన్నని తీగలను మెలివేసి, చదును చేసి, చట్రంలో పువ్వులా చుట్టి అతికే ఆ చేతుల పనికి నానో అన్న బిరుదు అక్కరలేదు. నిజంగా పురాతన నానో ఉదాహరణ కావాలంటే బ్రిటిష్ మ్యూజియంలో నాలుగో శతాబ్దపు రోమన్ గాజు పాత్ర, లైకర్గస్ కప్, ఉంది. బయటి నుంచి వెలుగు పడితే పచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపించే ఆ గాజులో వెండి, బంగారం కలిసిన నానోకణాలున్నాయి. దాన్ని చేసినవారికి కారణం తెలిసి ఉంటుందని నేననుకోను, అయినా పాత్ర గొప్పదే.

నా విన్నపం చిన్నది. వీలైతే వచ్చే అనుబంధంలో "లోహ నానోకణాల రంగును వాటి ఆకారం, పరిసరం, పొరుగు కణాల దూరం నిర్ణయిస్తాయి, చిన్న గోళాలలో పరిమాణం పాత్ర స్వల్పం" అని ఒక సవరణ ప్రచురించండి. వరంగల్‌లోనే నిట్, కాకతీయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో భౌతికశాస్త్ర విభాగాలున్నాయి కాబట్టి ఇటువంటి వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు అక్కడెవరికైనా ఒకసారి చూపించడం కష్టమేమీ కాదు. ఉప్పు, చక్కెర ప్రయోగాన్ని తమ కళాశాలలో చేయాలనుకునే అధ్యాపకులు గాజు సామాను ఆమ్లంతో కడిగి, చివరి కడుగు తప్పనిసరిగా స్వేదనజలంతోనే చేయించాలి, ఆ మాట అటెండరుకు ముందే చెప్పాలి.

ఆ రోజుటి రెండు నాళికలు మూత బిగించి ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా పుస్తకాల అలమరాలో ఉన్నాయి. ఉప్పు పడిన దానిలో నీలం ఏనాడో పోయింది, పైన నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున గోరంత నల్లటి మడ్డి. పక్కది ఇంకా ఎర్రగానే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ